మొదటి అనుమానం ఏకాంబరం మీదే

కాట్పాడి రోడ్డులో మొదలియార్ ప్రెస్సు.
పగలంతా మామిడిగుజ్జు డబ్బాలకు లేబుళ్ళు.
రంగు తప్పినవి, అంచు వంకరపోయినవి
మూలన మోకాలెత్తు కుప్ప.
ఆ కుప్పలోంచే పుట్టినాడు ఏకాంబరం,
చిత్తూరు జిల్లా మొత్తానికీ
మాట్లాడే ఒకే ఒక్క పందికొక్కు.
వృత్తి: డిటెక్టివ్.

బొమ్మలు చెంగల్రాయుడివి,
బుడగల్లో మాటలు నావి.
నా చేతిరాత గుండ్రమని కాదు,
అతనికి ఒత్తులు రావు.
'అపరాధ పరిశోధకుడు' దగ్గర
రెండు 'ధ'ల కిందా గీత మరిచి
"ఇంత పెద్ద మాట పందికొక్కు నోట పట్టదు మే" అనేవాడు.

ఏకాంబరానికి ఒక మఫ్లరు,
బల్బు లేని టార్చి,
ఎవరో ముసలాయన పారేసుకున్న కళ్ళద్దాల్లో సగం.
బెల్లం మండీలో అచ్చులు మాయమైతే
ఊరంతా ముందు అతని మూతే వాసన చూస్తుంది.
అతను ముందుకాళ్ళు రెండూ పైకెత్తి
"మొదట నన్నే అనుమానించండి, అది లాంఛనం" అంటాడు.
కాస్త ఆగి,
"మూడు అచ్చులకు నేను జవాబుదారీ.
మిగతా నలభై సంగతి చూద్దాం."

అసిస్టెంటు ఒక బల్లి, పేరు కనకరత్నం.
సాక్షి నిజం చెబితే టిక్కుటిక్కుమంటుంది,
అబద్ధమాడితే తోక వదిలేసి గోడెక్కుతుంది.
ఇరవైమూడు సంచికల్లో దానికి
నలభై తోకలు గీసినాడు చెంగల్రాయుడు.
బల్లి పలుకు కోర్టులో చెల్లదని
ఇన్‌స్పెక్టర్ కోడిపుంజు కొట్టేసిన కేసులకు లెక్కలేదు.

తొమ్మిదో సంచిక, తిరుపతి గంగజాతర.
వెండి కడియం పోయింది.
దొంగది బైరాగి వేషం, పోలీసుదీ బైరాగి వేషం,
కడియం పోగొట్టుకున్నాయన చీర కట్టుకుని ఏడుస్తున్నాడు.
అందరూ వేషాల్లో ఉంటే
ఏకాంబరం మాత్రం ఉత్త పందికొక్కుగా పోయినాడు.
"ఏం వేషమప్పా! మీసాలు అచ్చం దిగినాయి" అని
జనం కొబ్బరిచిప్ప చేతిలో పెట్టినారు.
బండవేషగాళ్ళ తిట్లు అచ్చు వేయలేం గదా,
బుడగల నిండా చుక్కలు, నక్షత్రాలు గీసి ఇచ్చినా.
అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది అదే.
ఆ అవమానం నేనింకా మరిచిపోలేదు.

ఒకనాడు మొదలియార్
ఊదారంగు డబ్బా మూత తీసి చూసి
ఏమీ అనకుండా మూసినాడు.
ఆ రాత్రి భయంతో గీసిందే 'సిరా దొంగ'.
ఏకాంబరం మా ప్రెస్సులోకే వస్తాడు,
పొట్ట ముందు, మనిషి వెనక నడిచే ఓనరుని
నిలబెట్టి ప్రశ్నలేస్తాడు.
సోమవారానికి ఒక ప్రతి ఆయన బల్ల మీదికి చేరింది.
చదివినాడు.
మా బొటనవేళ్ళు చూసినాడు. ఊదా.
"పొట్ట ఇంకొంచెం తగ్గించి గీయప్పా,
మా ఆవిడ కూడా చదువుతాది."
ఆ రోజునుంచి డబ్బాకు తాళం.
తాళంచెవి పక్కనే మేకుకు.

తర్వాత ప్లాస్టిక్ లేబుళ్ళు వచ్చినాయి,
అవి తప్పుపోవు, కుప్ప పెరగలేదు.
చెంగల్రాయుడు హోసూరు పక్క
బోర్డులు రాసే పనికి పోతా పోతా
చివరి పేజీ నాకిచ్చినాడు.
మఫ్లరు తీసి చేత పట్టుకుని
ఏకాంబరం మనకేసి తిరిగి నిలబడినాడు,
పక్కన ఖాళీ బుడగ.
"ఏందన్నా రాయి మే, నీ ఇష్టం."
రాసినా, తుడిచినా, రాసినా.
ఆ చోట కాగితం పలచబడి
వెనకనుంచి మామిడిపండు కనబడేది.

మొన్న అటకమీది కట్ట దింపితే
మూలలన్నీ కొరికినవి.
జాతర సంచిక సగం లేదు,
నా నక్షత్రాలు ఎవరి పొట్టలో ఉన్నాయో.
వంటింటి కన్నం ముందు
పట్టేసిన మోకాళ్ళతో కూర్చుని
"మొదట నిన్నే అనుమానిస్తా, లాంఛనం" అన్నాను.

లోపల గరగర ఆగింది.
ట్యూబులైటు వెనకనుంచి
బల్లి ఒకటే టిక్కు.