ఆటుపోట్ల పట్టిక వెనక

"అయిపోయింది, ఆర్నెల్లకి రండి" అన్నాడు డాక్టరు.
ఆర్నెల్లంటే నూట ఎనభై రాత్రులు.
లెక్క నేను పడవలోనే కట్టాను,
చకావ్ జలసంధి దాటి చిలోయే దీవికి తిరిగొస్తూ.
ఎదెల్మీరా నా భుజమ్మీద నిద్రపోతోంది,
ఊలు టోపీ కింద
కోడిపిల్ల నూగులాంటి కొత్త జుట్టుతో.

నేను పడవలు బాగుచేసేవాణ్ణి.
ఏ పలకల సందున నీరు ఊరుతోందో
చెవి ఆనించి చెప్పగలను.
అలెర్సె బెరడు పీచు కూరి, తారు పూసి,
ఏడాదికి మాటిస్తాను.
ఈమె ఒంటికి ఎక్కడ చెవి ఆనించాలో
ఎవరూ చూపలేదు.

మందుల చీటీ ఉంది. బిల్లు ఉంది.
తర్వాత బతకడం ఎలాగో రాసిన కాగితం లేదు.
అందుకే జేబులోని ఆటుపోట్ల పట్టిక వెనక
నేనే రాశాను, పెన్సిలు ముక్కతో:

బంగాళాదుంపల బస్తా ఎత్తొచ్చా?
ఎడమ చెయ్యి సాయంత్రానికి ఎందుకు ఉబ్బుతోంది?
చేప తింటుంటే నోట్లో ఇనుము రుచి, ఎన్నాళ్ళు?
దగ్గొస్తే భయపడాలా? ఎంత భయపడాలి?
మా యాస్నాకీ వస్తుందా?
ఇది కొట్టేసి, మళ్ళీ రాశాను.
రాత్రి పక్కన పడుకున్నప్పుడు
నా చెయ్యి ఎక్కడ వెయ్యాలి?

ఆఖరిది కనపడకుండా మడిచేశాను.

ఎదురు బల్ల మీద కూర్చున్నావిడ
టోపీని చూసింది, నన్ను కాదు.
పేరు నోల్ఫా అట. కెయోన్‌లో ఊలుకి రంగులద్దుతుంది.
మోచేతుల దాకా నీలం.
"ఎన్నోది?" అంది.
"ఆఖరిది."
"అయితే ఇప్పుడే మొదలు" అంటూ సంచిలోంచి
కర్ర చెంచా తీసి నా చేతిలో పెట్టింది.
ఆసుపత్రికొచ్చిన ప్రతిసారీ ఒకటి తెస్తుందట.
"దీంతో తిననివ్వు, ఇనుము తగ్గుతుంది.
నాకు పులుపు ముందొచ్చింది, ఉప్పు ఆఖర్న.
వాపు మాత్రం ఆలస్యం చెయ్యక నర్సుకి చూపించు.
సోమవారాలు ఫోనెత్తే పిల్ల ఒకతి ఉంది, విసుక్కోదు.
కూతురి సంగతి డాక్టర్నే అడుగు.
నాకు తెలీదు."

నాకు తెలీదు.
ఏడాదిగా ఎవరూ మాతో అనని మాట.
చన్నీళ్ళు తాగినట్టుంది.

నా గుప్పిట్లో మడత ఆవిడ చూడనే చూసింది.
"మా ఆయన అడగలేక రెండేళ్ళు
గోడవైపు తిరిగి పడుకున్నాడు" అంది,
కిటికీకేసి తిరిగి.
"అడిగుంటే చెప్పేదాన్ని."

పడవ ఒడ్డుకి తగిలిన కుదుపుకి ఎదెల్మీరా లేచింది.
"ఏంటది?"
"రేపు పోటు ఎన్నింటికో చూస్తున్నా."
ఆ అబద్ధం రేవు దాకా కూడా నిలవలేదు.
మడత విప్పి ఆమె ఒళ్ళో పెట్టాను,
పెన్సిలు ముక్కతో సహా.