మూడు మీటర్ల తేడా

మక్తల్ దాటి, మాగనూరు దాటి
బస్సు మమ్ములను బీడుకు అప్పజెప్పి పోయింది.
గేటు కాడ ఫారెస్టోళ్ల బోర్డు మీద
ఇర్రి బొమ్మకు ఒక్క కొమ్మే మిగిలింది.

ఫర్హానా చేతిల ఫోను, ఫోన్ల బాణం.
"ఎవరో డబ్బా దాచిపెట్టిండ్రు, ఉశన్న చాచా.
అండ్ల చిన్న పుస్తకం ఉంటది.
పేరు రాసి మల్ల అక్కడ్నే పెట్టాలె."
గింతే ఆట.
దొరికింది ఇంటికి తెచ్చుకోని ఆట
నేను పుట్టినంక ఇదే సూసుడు.
డబ్బాల వేసేందుకని
వాళ్ల అబ్బా సైకిల్ దుకాణం నుంచి
ఒక బెల్లు మూత తెచ్చుకున్నది.

నేను సర్వే ఆఫీసుల చైన్‌మన్‌ను.
ముప్పై ఆరేండ్లు ఇనుప గొలుసు గుంజిన.
మట్టిల పూడ్చిన హద్దురాళ్లు ఎన్ని వెతికిన్నో,
ఒక్కదాని కిందన్నా పుస్తకం లేకుండె.
టిప్పన్ల ఒక్క కడి తప్పితే
అన్నదమ్ములు గొడ్డండ్లు తీసిన ఊర్లు నాకెరుక.
ఈ పిల్లేమో నవ్వుకుంట అంటది:
"శాటిలైట్ గదా, మూడు మీటర్లు అటిటు అయితది."
మూడు మీటర్లు!
మూడు మీటర్లల్ల ఒక బావి పోతది బిడ్డా.

నడిసినం.
నెర్రెలిచ్చిన రేగడి, పచ్చబారిన గడ్డి,
చెప్పులకు పల్లేర్లు.
పరికి కంప నా తువ్వాలను ఒకపారి పట్టుకొని
ఏదో అడగబోయి ఊకున్నది.
దూరంగ ఇర్రులు, ఏడో ఎనిమిదో,
మేం లెక్కపెట్టక ముందే
నాలుగు దుంకులల్ల లెక్క చెరిపేసినై.

ఇరవై మీటర్లు. పదకొండు. ఆరు.
అప్పుడు లేసింది తీతువ.
నెత్తి మీద గిర్రగిర్ర తిరిగి, ఒకటే అరుపు.
అవతల వాలి, రెక్క ఈడ్సుకుంట,
గిక్కడ గిక్కడ అన్నట్టు కుంటింది.
ఫర్హానా అటు ఉరకబోతే చెయ్యి పట్టి ఆపిన.
గట్టు జరిపినోడు
జరిపిన కాడ నిలబడి ఎన్నడు అరవడు,
ఇంకో మూలకు పోయి అరుస్తడు.
నా సదువంత గదే.

పిట్ట మొత్తుకునే దిక్కుకు వీపు పెట్టి వంగి చూసిన.
మూడు బండలు పేర్చిన గుప్ప.
సందుల టిఫిన్ డబ్బా మూత తళుక్కుమన్నది.
దానికి జానెడు ఇవతల
గులకరాళ్లల్ల గులకరాళ్ల లెక్కనే
నాలుగు గుడ్లు, మొనలు లోపలికి తిప్పి.

ఎండ ఎక్కుతున్నది.
తల్లి రాకపోతే ఉడుకుతయ్.

వెనక్కి, మా అడుగులల్లనే అడుగులేసుకుంట,
రేగుచెట్టు నీడకు వచ్చినంక
తీతువ నడిసి వచ్చి కూసున్నది.
పొట్ట కింద గుడ్లు సర్దుకొని
అంచు ఎర్రగున్న కంటితోని
మా దూరం కొలుసుకుంట.

జేబుల బెల్లు మూత టింగుమన్నది.
"దొరికిందని పెడితే రేపు ఇంకొకరు వస్తరు చాచా.
దొరకలేదని పెట్టనా?"

నేను పట్టిన కొలతలల్ల
ఒక్క అబద్ధపు అంకె లేదు.
పటేలు కల్లు తాపిచ్చినా లేదు,
తాపియ్యక తిట్టినా లేదు.

"పెట్టు" అన్న.
కొంచెం ఆగి,
"పాములున్నయని గూడ రాయి."