ఎడమ భుజం

పటాలాన్ని ఉతికి ఆరేసేది నేనే.
నవ్వకండి. జనరల్ని కాను, కర్నల్ని కాను,
ఓలోమౌత్స్ కోటగోడ వెనక
మొరావా నది మెట్ల మీద అపొలేనాని.
నా ఆయుధాలు ఒక సబ్బుబిళ్ల, ఒక బాదుడు కర్ర.

అన్నీ తెల్ల కోట్లే. చక్రవర్తికి తెలుపంటే ఇష్టమట.
ఆయన కోటు ఆయన ఉతుక్కోడు కదా.

వారానికి నూట ఇరవై కోట్లు.
ఏది తిరగేసినా ఎడమ భుజం మీద
జానెడు నల్లటి చార.
తుపాకి నూనె, ఇనుప మసి, చెమట
మూడూ కలిసి కాచిన కాటుక.
బూడిద నీళ్లకు పోదు, ఎండకు పోదు.
పైన సుద్ద పూసి పంపిస్తాను.
ఆదివారం కవాతుకి కొంగల్లా ఉంటారు,
మంగళవారానికి మళ్లీ చార లేస్తుంది.

కసరత్తు మైదానం మా రేవులోకి కనబడుతుంది.
కార్పొరల్ జర్మన్‌లో అరుస్తాడు.
ఆ మాట సగంమందికి అర్థం కాదు,
బరువు మాత్రం ఎవడి భాషలో వాడికి తెలుస్తుంది.
ఒకటి అంటే తుపాకి నిలువునా లేవాలి.
రెండు అంటే ఎడమ అరచెయ్యి దాని మడమ కిందికి రావాలి,
నిండు పాలగిన్నె పట్టినట్టు, తొణక్కుండా.
మూడు అంటే గొట్టం భుజాన్ని ఆనుకోవాలి,
కుడిచెయ్యి తొడ పక్కన చచ్చినట్టు పడుండాలి.
అప్పుడు నడక.
మూడు వీశెల ఇనుమూ కర్రా
అడుగడుక్కీ అదే ఎముక మీద.
అన్ని గొట్టాలూ ఒకే వాలున వంగాలి,
ఒక్కటి పక్కకి వాలిందా
కార్పొరల్‌కి పంటికింద రాయి.

మెతొడేయ్ అనే కుర్రాడి కోటుకి
కుడి భుజం మీద కూడా సన్నటి చార ఉండేది.
పాప్లార్ చెట్లు దాటాక, మలుపులో,
ఎవరూ చూడనప్పుడు భుజం మార్చుకుంటాడు కాబోలు.
పట్టుబడితే ఎండలో నిలబెడతారు.
నేనెవరికీ చెప్పలేదు.
ఆ కుడి భుజాన్ని మాత్రం రెండుసార్లు రుద్దేదాన్ని.

ఆ ఎండాకాలం వాళ్లు ఉత్తరానికి నడిచారు.

తిరిగొచ్చినవి నలభై ఒక్క కోట్లు.
చిల్లులు నా పని కాదు, దర్జీ పని.
మెతొడేయ్ కోటుకి చిల్లు లేదు.
రెండు భుజాల మీదా చారలు వెలిసిపోయాయి,
ఎడమ చంకలో మాత్రం
అరచేతంత మరక, కొత్తది, చిక్కనిది.
అక్కడికి నూనె ఎలా వెళ్లింది?

పన్నెండేళ్లు కవాతు చేసినవాడు మా ఆయన వావ్రినెత్స్.
చూపించాను.
మాట్లాడకుండా చీపురు తీసుకున్నాడు,
తలకిందులు చేసి ఎడమ చంకలో ఇరికించుకున్నాడు,
మడమ ముందుకి, గొట్టం వెనక్కి, నేల చూస్తూ.
ఇంటి గడప నుంచి బావి దాకా
నేనెప్పుడూ చూడనంత నెమ్మదిగా నడిచాడు.
"పెట్టె వెనక ఇలా వెళ్తాం" అన్నాడు.
ఇంత మరక పడాలంటే ఎన్నిసార్లు వెళ్లాలి, అని అడిగాను.
చీపురు గోడకి ఆనించి
కోళ్లని చూడ్డానికి వెళ్లిపోయాడు.

ఆ మరక నేను ఉతకలేదు.
ఉతికినా పోయేది కాదులెండి.

తర్వాత వియన్నా నుంచి ఉత్తర్వు వచ్చింది:
ఇక తెలుపు లేదు, ముదురు నీలం.
సుద్ద ఖర్చు తప్పిందని మేస్త్రీ సంబరపడ్డాడు.
నీలం మీద చార కనబడదు.
ఇన్నేళ్లు చదివిన పుస్తకాన్ని
ఎవరో సిరాలో ముంచి ఇచ్చినట్టుంది.

అయినా తడిపితే తెలుస్తుంది.
ఎడమ భుజం దగ్గర నూగు ఉండదు,
కాడి మోసిన ఎద్దు మెడలా గుడ్డ నున్నబడుతుంది.

నిన్న ఒక కోటు వచ్చింది.
కాలర్ లోపల పేరు లేదు, కొత్త భర్తీ,
ఉన్ని ఇంకా గరుకుగానే ఉంది.
బొటనవేలితో రెండు భుజాలూ తడిమాను.
కుడివైపు కొంచెం నునుపు.

గట్టిగా జాడించి
మిగతా కోట్ల మధ్యలో ఆరేశాను.