వచ్చిన పని

మా లాడ్జీ గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో.
మెట్ల కింద నా బల్ల.
బల్ల మీద రిజిస్టరు, గంట,
ఎవరూ ఎత్తుకుపోకుండా పురికొసతో కట్టిన పెన్ను.
వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది మిర్చి యార్డు మనుషులే.
ధర కోసం రెండ్రోజులు, మూడ్రోజులు కాచుకుని
దిండ్లకి ఘాటు అంటించి పోతారు.
ఏసోబు దుప్పటి దులిపితే
వీధి మలుపులో కుక్క తుమ్ముతుంది.

ఆ రాత్రి తొమ్మిదింటికి
నాగుల్ మీరా, జాన్‌బీ, ఎనిమిదేళ్ల షాహిన.
ఊరు: కారెంపూడి.
వచ్చిన పని అనే గడిలో
అందరూ 'యార్డు' అని రాసే చోట
పిల్ల పెన్ను లాక్కుని రాసింది:
జెయింట్ వీల్.

హైవే మీద కొత్త పార్కు.
లోపలే హోటలంట. కిటికీ తీస్తే నీళ్ల జారుడుబండలంట.
లోపల పడుకున్నోళ్లకి
ఊరందరికంటే గంట ముందే గేటు తీస్తారంట.
రాత్రికి ఆరువేల ఎనిమిదొందలు.
మా గది తొమ్మిదొందలు, దోమల బిళ్లతో కలిపి.

"ఎక్కడ పడుకున్నా కళ్లు మూసుకునేదేగా" అన్నాడతను.
"మూసుకునేదాకా ఏం కనపడుద్దో, అది" అందావిడ,
గట్టిగా కాదు,
సంచీలో దువ్వెన వెతుక్కుంటూ.

మిర్చి పట్టీ వెనకాల లెక్క వేసి
నన్ను సాక్ష్యం అడిగాడు.
ఈ బల్లే నాకు అన్నం పెడుతోంది, నిజమే.
అయినా నోరు ఆగలేదు:
అక్కడైతే టికెట్లు గదిలోనే కలుస్తాయి,
ఇక్కడైతే ముగ్గురికీ మూడువేలు.
ఆటో పోనూ రానూ ఎనిమిదొందలు.
టిఫిన్లు మూడొందలు.
ఇక మిట్టమధ్యాహ్నం పిల్ల సోలిపోతే
తల వాల్చేందుకు ఇంత చోటు,
దానికెంత వేయమంటారు?
అది వదిలేసినా
తేడా పద్దెనిమిదొందలకి దిగింది.

అతను పట్టీని నాలుగు మడతలు పెట్టాడు.
"ఆ పద్దెనిమిదొందలే లేవండీ" అన్నాడు.

లెక్క సరిగ్గా చేసి
తల దించుకున్నాను.

"ఏ గదిలోంచి వీల్ కనపడుద్ది?" షాహిన.
మా గదుల్లోంచి కనపడేవి:
ఎదురు డాబా బట్టల తీగ,
ర్యాంకుల పిల్లల ఫొటోలున్న కోచింగ్ బోర్డు,
ట్రాన్స్‌ఫార్మరు.
పార్కు ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు.
నేనూ చూళ్లేదు.

ఎందుకన్నానో, "పైకి రా" అన్నాను.
నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి
చీకట్లో దూరంగా మిణికే
సెల్ టవర్ ఎర్రదీపం చూపించాను.
"అదేనా?"
"అదే."
"తిరగట్లేదేం?"
"పడుకుంది."
కాసేపు ఆలోచించి అడిగింది,
"దానికి లోపల గదుందా?"
"లేదమ్మా. ఎండైనా వానైనా బయటే."
ఆ మాటకి పిల్ల మనసు ఎందుకో కుదుటపడింది.
మెట్లు ఒక్కొక్కటీ రెండు కాళ్లతో గెంతుతూ దిగింది.

తెల్లారి ఆరింటికి ఆటో.
తాళంచెవి ఇవ్వబోతే వద్దన్నాను.
రాత్రిదాకా గది మీదేనన్నాను.
యజమానికేం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

ఎనిమిదిన్నరకి తిరిగొచ్చారు.
ముగ్గురి ముక్కులూ ఎండకి కందిపోయి,
జాన్‌బీ చెప్పు తెగి చేతిలో ఉంది,
నవ్వుతోంది.
తండ్రి భుజం మీద నిద్రపోతున్న పిల్ల
ఒక కన్ను తెరిచింది.
"పైనుంచి మీ ట్యాంకు కనపడింది. నల్లది.
మీరు చెయ్యూపారుగా?"

పదిహేను కిలోమీటర్లు.
మధ్యలో ఎన్ని డాబాలో, ఎన్ని నల్ల ట్యాంకులో.

"ఊపాను" అన్నాను.
"నేనూ" అంది. కన్ను మూసుకుంది.

మర్నాడు ఏడో నంబరు దుప్పటి తీస్తూ
"ఇదేం వాసనండీ" అన్నాడు ఏసోబు.
ఈత కొలనులో కలిపే మందు వాసన.
ఇవాళ్టికి ఉతక్కురా అందామనుకున్నాను.
అనలేదు.
యార్డు వాళ్లు అప్పటికే మెట్లెక్కుతున్నారు.