తప్పు జవాబు

గుప్పిడిపేట తుపాను షెల్టరు మెట్ల మీద
నర్సమ్మ ఫోను పట్టుకుని కూచుంది.
మేం ఇరవై మందిమి. మధ్యలో ఒక బియ్యం బస్తా.
బస్తాకి బొగ్గుతో కళ్లు గీసి
రొమ్ము దగ్గర సున్నా చుట్టింది ఎవరో గుంట.
"ఈయనకి ఊపిరి ఆడట్లేదనుకోండి" అంది నర్సమ్మ.
"ఈయనకి మూతే నేదు కదేటి" అని
సూరాడ ఎర్రమ్మ పకపకా నవ్వితే
ఎండుచేపలు తిరగేస్తున్న వాళ్లు కూడా ఇటే తిరిగారు.

ఫోను మాట్లాడుతుంది.
ఎవరి గొంతో గాని పట్నంది, ఇస్త్రీ చేసిన గొంతు.
"ఛాతీ మధ్యభాగమున" అంటుంది.
"గుండికాయి కాడ" అని నర్సమ్మ మాకు మళ్లీ చెబుతుంది.
తప్పు నొక్కితే గుర్రుమంటుంది,
సరిగ్గా నొక్కితే పచ్చగా వెలుగుతుంది.
బడి పిల్లలకి దొరికినంత పచ్చ
మా ఆడాళ్లకి దొరకలేదు ఆ పూట.

తరవాత ప్రశ్నొచ్చింది.
నీళ్లలో మునిగినవాణ్ని ఒడ్డుకి తెచ్చారు.
ఊపిరి లేదు. మొదట ఏం చేస్తారు?
కింద మూడు గళ్లు, మూడు బొమ్మలు.
మొదటిది మాకు తెలిసిన బొమ్మే:
ఒక మనిషి ఇంకో మనిషిని కాళ్లు పట్టుకుని
తలకిందులుగా గిరగిరా తిప్పుతున్నాడు.

అందరం అదే అన్నాం,
చదువుకున్నోళ్లం, చదువుకోనోళ్లం.
నొక్కింది మాత్రం తోటయ్య మావ.
వల కుట్టి కుట్టి గీతలరిగిపోయిన ఆయన వేలికి
ఫోను మొదట పలకలేదు.
లుంగీకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

గుర్రుమంది.
ఎరుపు.

ఇంకోసారి నొక్కాడు. ఎరుపు.
"పాడైపోనాదేటి నర్సమ్మా, మీ పోను?"
ఆమె ఏదో చెప్పబోయి
నా మొహం చూసి ఆగిపోయింది.
ఎవరు చెప్పారో ఆమెకి.

పదకొండేళ్ల కిందట
తెప్పకి ఎదురెళ్లిన మా కామేసుని అల లాక్కుపోతే
వెతికి ఇసకలోకి తెచ్చింది తోటయ్య మావే.
కాళ్లు పట్టి తిప్పిందీ ఆయనే.
ఎంతసేపు తిప్పాడంటే
భుజం కీలు తప్పింది,
ఇప్పటికీ ఆ పక్క తెడ్డు వెయ్యలేడు.
వాడి నోట్లోంచి నీళ్లు కారిన ప్రతిసారీ
వస్తన్నాడు, వస్తన్నాడు అని అరిచాం.
వచ్చినవి నీళ్లే.

ఫోనుకి ఇదేం తెలీదు.
"మళ్లీ ప్రయత్నించండి" అంది
అదే ఇస్త్రీ గొంతుతో.

ఎవరూ మాట్లాడలేదు. ఎర్రమ్మ కూడా.
మావ లేచాడు, వెళ్లిపోతాడనుకున్నాను.
బస్తా పక్కన గొంతుక్కూచున్నాడు.
"ఆ మూడోది ఎలగో సూపించు."

తల వెనక్కి వాల్చాలి. గడ్డం ఎత్తాలి.
ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి.
మూతి లేని బస్తాకి ఆయన ఊదుతుంటే
ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.
ఆనక చేతి మీద చెయ్యేసి ముప్పై నొక్కులు.
ఫోను టిక్కు టిక్కుమంటుంది.
"తెడ్డేసినట్టు కాదు, అంతకంటే జోరు" అని
తనకి తనే చెప్పుకుంటున్నాడు.
కీలు తప్పిన భుజం
నొక్కు నొక్కుకీ పక్కకి జారుతుంది.
ఎరుపు, ఎరుపు, ఎరుపు,
ఒక పచ్చ,
మళ్లీ ఎరుపు.

నర్సమ్మ ఆ ఫోను వారం రోజులకి
నా దగ్గర ఉంచి వెళ్లింది.
రాత్రి కూడు తిన్నాక
మావ మా గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి రాలేదు.
చాలాసేపు సముద్రంకేసి చూసి
అటు తిరిగే అడిగాడు:
"తొమ్మిదేళ్ల గుంటడికైతే
ఎంత లోతుకి నొక్కాలో
అది సెప్తాదేటమ్మా?"

వెతికాను. పిల్లల పాఠం వేరే ఉంది.
లోపల్నుంచి నా తలగడ తెచ్చి
అరుగు మీద, మా ఇద్దరి మధ్యా పెట్టాను.