కట్టులో ఉన్న చెయ్యి

కుడిచెయ్యి పుత్తూరు కట్టులో ఉండాది.
వెదురుబద్దలు, గుడ్డపీలికలు, ఆకుపసరు వాసన.
ఎడంచేత్తో గీసిన నా మొదటి కార్బన్
తేలు మాదిరి వచ్చింది.

"దానికి నాలుగే చేతులు" అన్నాడు చెంగల్రాయులు సారు,
"ఒక్కటీ ఖాళీగా ఉండకూడదు.
పక్కన కార్బన్ లేకపోతే హైడ్రోజన్‌ను పట్టుకోవల్ల."
మీథేన్. ఈథేన్. ప్రొపేన్.
బ్యూటేన్ కాడికొచ్చేసరికి కాగితం అంచు అడ్డమొచ్చింది,
చివరి కార్బన్‌ను కిందికి వంచేసినాను.

"ఇది వేరేదిరా" అని నవ్వింది నజ్మా.
సారు వంగి చూసి
మూల తిరిగి నాలుగూ లెక్కపెట్టి
సుద్దముక్కతో నా కట్టుమీద తట్టినాడు:
"మోచెయ్యి వంగుండాదని
ఇది చెయ్యి కాకుండా పోయిందా?"

మర్నాడు కొమ్మ ఉండే బొమ్మ.
టూ ఇథైల్ ప్రొపేన్ అని రాస్తే అడ్డంగా కొట్టేసినాడు.
"నీకు తోచిన దోవ కాదబ్బోడా, పొడుగైన దోవ ఎంచుకో.
రేణిగుంట, వడమాలపేట, పుత్తూరు, నగరి.
రోడ్డు అది.
నారాయణవనం పక్కకు పొయ్యే కొమ్మ.
ఏ కొస నుంచి ఎంచుతావు?"
మా మేనత్తది నగరి.
ఆడ్నించి ఎక్కితే పుత్తూరు రెండోది.
టూ మిథైల్ బ్యూటేన్, అన్నాను,
బస్సులో కిటికీ సీటు దొరికినట్టు.

కట్టు విప్పిన రోజు
సన్నబడిన చెయ్యి పూర్తిగా చాగలేదు.
భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు
మూల తిరిగి ఎంచుకున్నాను. అన్నీ ఉండాయి.

ఆ రాత్రి కుడిచేత్తో
ఒక కార్బన్ గీసినాను.
అదీ తేలు మాదిరే వచ్చింది.