సొరంగం

పందొమ్మిదేళ్ళు ప్రతి సోమవారం
నా పడవలోనే సభకు వెళ్ళావు, రాన్‌వా.
అల లేస్తే కాగితాలు ఒడిలో దాచుకుని,
తడిసిన ఉన్నికోటు వాసనలో
నీలో నువ్వే వల్లెవేసేదానివి:
మా దీవికి సొరంగం కావాలి.

నా పడవలో కూర్చునే
నా పడవను ఆపించే మాట నేర్చుకున్నావు.
కోపం రాలేదంటే అబద్ధం.

కానీ ఆ జనవరి రాత్రి
గాలికి ఒడ్డు దొరక్క తిరుగుతున్న పడవలో
ఎల్స్‌పా ఒళ్ళో చల్లబడిన పసిగుడ్డు
నీకు తెలుసు, నాకు తెలుసు.
సభలో ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు నువ్వు.
ఎత్తి ఉంటే
సొరంగం నాలుగేళ్ళు ముందే వచ్చేదేమో.

రిబ్బను కత్తిరించిన రోజు నువ్వు అక్కడ లేవు.
మా వంటింట్లో, చల్లారిన కాఫీ ముందు,
పని పోయిన నా చేతులకేసి చూస్తూ కూర్చున్నావు.
క్షమించమని అడగలేదు. మంచిదే.

ఇవాళ తోర్స్‌హావ్న్‌లో ఏవేవో పొగిడారట,
వెండి గడియారం ఇచ్చారట.
సరే, కారెక్కు.
ఒకప్పుడు గంటంబావు, ఇప్పుడు ఏడు నిమిషాలు.

సముద్రం కింద దీపాలు
ఒక్కొక్కటీ నీ ఒడిలోంచి జారిపోతున్నాయి.
ముప్ఫై ఒక్కేళ్ళ అలవాటు,
పెదాలు ఇంకా కదుపుతూనే ఉన్నావు.
ఈసారి దేనికోసమో
నేను అడగను.